కరువు కట్టిన మిద్దె

అనంతపురం పీఠభూమిలో నాలుగైదు తరాలుగా ఒకే కుటుంబం చేతిలో ఉంటూ వచ్చిన పాత ఇళ్లలో ఎక్కువ భాగం మట్టి మిద్దెలే. రాతి గోడల మీద కొయ్య దూలాలు పరిచి, వాటిపైన చదునుగా మట్టి కప్పు వేసిన ఇంటిని రాయలసీమలో మట్టి మిద్దె అంటారు. కోస్తా పాఠకులకు మిద్దె అనగానే తోచే పై అంతస్తుతో దీనికి సంబంధం లేదు. పడమటి కనుమలు అడ్డుపడటంతో నైరుతి రుతుపవనాల తేమ ఇక్కడికి చేరేసరికి చాలావరకు అయిపోతుంది, తూర్పు తీరం దూరం కావడంతో ఈశాన్య రుతుపవనాలూ అంతంతమాత్రంగానే అందుతాయి. అందువల్ల ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే ఈ నేల మీద ఏటవాలు కప్పు అవసరం ఎన్నడూ పెద్దగా కలగలేదు. దీనికి దాదాపు రెట్టింపు వాన కురిసే గోదావరి జిల్లాల్లో ఇదే మట్టి కప్పు వేస్తే ఒక్క శ్రావణ భాద్రపదాలకే కరిగి గోడల వెంట దిగుతుంది కాబట్టే అక్కడి ఇళ్లు తాటాకు, పెంకుల వాలు కప్పులతో పెరిగాయి. అంటే వ్యవసాయాన్ని కుంగదీసిన వానలేమే ఇక్కడ ఒక గృహనిర్మాణ పద్ధతిని సాధ్యం చేసింది. అయితే మట్టి కప్పు ఒకసారి వేసి మరిచిపోదగినది కాదు, ఏటా ఎవరో ఒకరు దాని మీదికెక్కి బాగుచేయాలి. ఆ పని చేయవలసిన మనుషులను ఊరు దాటించింది కూడా ఈ వానలేమే. ఈ పీఠభూమిలో ఇల్లు నిలుపుకోవడమంటే ఏమిటో ఈ రెండు సంగతులనూ కలిపి చూస్తేనే అర్థమవుతుంది.

గోడల విషయంలో ఈ ప్రాంతం ఎన్నడూ పేదది కాదు. జిల్లాలో అత్యధిక భాగం కింద ఉన్నది అతి ప్రాచీనమైన కఠినశిల కాబట్టి ఊరి పక్కనే గుట్ట, గుట్ట కిందనే గుండ్లు దొరికేవి. వాటిని పగలగొట్టి, బురదమట్టినే అడుసుగా వాడి, రెండడుగులకు తగ్గని మందంతో గోడలు లేపేవారు. ఉన్నవాళ్లు బయటి ముఖానికి మాత్రం గార, అంటే సున్నం ఇసుక కలిపి గానుగలో నూరిన అడుసు, పట్టించేవారు. గోడల లోపల వరుసగా కొయ్య కంబాలు నిలిపి, ప్రతి కంబం కిందా చెద ఎక్కకుండా ఒక రాతి దిమ్మె పెట్టేవారు. కప్పు బరువును మోసేది ప్రధానంగా ఈ కంబాలే కావడంతో ఏళ్ల తరబడి తడికి గోడ ఒకచోట ఉబ్బినా, కూలినా, ఇల్లంతా ఒక్కసారిగా కిందికి రాకుండా గోడను తిరిగి కట్టుకునే వ్యవధి దొరికేది. కంబాల మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలు, అంటే సన్నని కొయ్యలు, వాటిపైన దగ్గరదగ్గరగా చీల్చిన కట్టెలో కంపో పరిచి, పురుగు పట్టకుండా వేపాకు, కానుగాకు దట్టంగా వేసి, ఆపైన మట్టిని తడిపి తొక్కి, చివరి పొరగా చౌడు చల్లేవారు.

మిద్దెలో అసలు విద్య అంతా ఈ చివరి పొరలో ఉంది. చౌడు అంటే ఉప్పులు పేరుకుని, ముఖ్యంగా సోడియం లవణాలు ఎక్కువై, పంటకు పనికిరాకుండా పోయిన నేల మీది మట్టి. చెరువుల దిగువన, వాగుల అంచున, నీరు పారిపోలేక ఎండిపోయే పల్లాల్లో అది తెల్లగా పొంగుతుంది. సబ్బు రాకముందు చాకళ్లు బట్టలు ఉతకడానికి వాడినదీ దీన్నే. సోడియం అధికంగా ఉన్న బంకమట్టి తడవగానే దానిలోని అతి సన్నని రేణువులు ఒకదానినొకటి విడిచి, మట్టిలోని సూక్ష్మ రంధ్రాలలోకి చేరి వాటిని మూసేస్తాయి కాబట్టి తొలి చినుకుల తరువాత పడిన నీరు లోపలికి ఇంకక పైపైనే జారిపోతుంది. పొలంలో ఈ గుణమే వేరుకు నీరందకుండా చేసి పైరును చంపుతుంది. రైతు బీడుగా వదిలేసిన మట్టినే తెచ్చి ఇంటిమీద పరచడం వెనుక ఎన్ని తరాల పరిశీలన ఉందో చెప్పడం కష్టం గాని, భూసార శాస్త్రం ఈ ప్రక్రియకు పేరు పెట్టకముందే పల్లెలు దాన్ని పనిలో పెట్టాయన్నది మాత్రం స్పష్టం.

చౌడు కప్పుకు కాలపరిమితి ఉంది. మాఘం దాటిన తరువాత ఎండకు అది బీటలిస్తుంది, గాలికి పైపొర లేచిపోతుంది, పావురాలు, కోతులు, పిల్లలు కలిసి దాన్ని గుల్ల చేస్తారు. అందుకే రోహిణి కార్తె ఎండల్లో, జూన్ మొదటి వారం చివర వచ్చే మృగశిర కార్తెకు ముందుగా, బండ్లతో చౌడు తోలించి కొత్తగా పరచడం పల్లెల్లో వ్యవసాయ పంచాంగంలో భాగమైంది. పాత పొరను గీకి, గడ్డి వేళ్లు పీకి, నెర్రెలు పూడ్చి, పిట్టగోడ వెంట నీరు దిగే దోనెల మూతులు బాగుచేసి, అప్పుడు కొత్త చౌడు పోసి వాలు సరిచూసేవారు. ఈ పనిలో గీకడం కష్టం, పోయడం తేలిక. పనివాళ్లు తగ్గిన ఇళ్లలో గీకడం మానేసి ఏటికేడు పాతదాని మీదే కొత్త చౌడు పోస్తూ పోవడం మొదలైంది. మట్టి సాంద్రతను బట్టి లెక్కగడితే అడుగు మందం పొర చదరపు మీటరుకు అర టన్ను దాకా బరువుంటుంది, తడిసినప్పుడు మరింత పెరుగుతుంది. తాతల నాటి దూలం తన వయసుకు కాక ఈ అనవసరపు బరువుకు విరిగిన సందర్భాలే ఎక్కువ. వానాకాలంలో మట్టి మిద్దె కూలి ప్రాణాలు పోయాయన్న వార్తల వెనుక కూడా చాలాసార్లు ఉండేది పద్ధతి లోపం కాదు, పద్ధతిలో కష్టమైన సగాన్ని వదిలేయడం.

ఈ ప్రాంతంలో వాన ప్రవర్తన కూడా మిద్దెను పరీక్షించే తీరులోనే ఉంటుంది. సంవత్సరపు వానలో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పడుతుంది. అంతకుముందు ఆషాఢ శ్రావణాల్లో వారాల తరబడి చినుకు లేక కప్పు మళ్లీ నెర్రెలిస్తుంది. మృగశిరకు ముందు వేసిన చౌడు భాద్రపదం నాటికి సగం బలం కోల్పోయి ఉండగా జడివాన దిగితే మిద్దె ఉరుస్తుంది, అంటే చుక్కచుక్కగా కారడం మొదలవుతుంది. వాన కురుస్తుండగానే గోనెసంచి కప్పుకుని పైకెక్కి, కారుతున్న చోటును కాలితో తొక్కి, పిడికెడు పొడి చౌడు వేసి మూయడం ప్రతి ఇంట్లోనూ ఒకరికి తెలిసిన పని. పొడి చౌడును ఇంటి మూలన గంపలో దాచి ఉంచడం అందుకే. ఇంట్లో మనిషి ఉండటమే ఇంటికి మొదటి మరమ్మతు అన్నది ఇక్కడ సాంకేతికంగానే నిజం: తాళం వేసిన మిద్దెలో మొదటి వానకు పడిన వేలెడంత కంతను చూసేవాళ్లుండరు, మూడో వానకు దంతె తడుస్తుంది, రెండో ఏటికి దూలం కుళ్లుతుంది.

గోడల వెనుక కాపురం

ఇంటి లోపలి అమరికను నిర్ణయించినవి ఎండ, ధాన్యం, పశువులు, దొంగభయం. వీధి వైపు జగిలి, అంటే కూర్చోవడానికి పనికివచ్చే ఎత్తైన రాతి అరుగు. తలవాకిలి దాటగానే ఒకవైపు పల్లంగా గాటిపాట, అంటే ఎద్దులను, ఆవులను కట్టేసే తావు. దానికంటే అడుగో అడుగున్నరో ఎత్తులో పడసాల, అంటే కుటుంబం పగలంతా మెలిగే పెద్ద చావడి. దాని వెనుక వంటిల్లు, దేవుడి గూడు, గింజల గది. బయటి గోడలకు కిటికీలు దాదాపు ఉండవు, ఉన్నా మనిషి తల పట్టదు. వెలుతురు, పొగ, గాలి అన్నీ గవాక్షి ద్వారానే. ఇది కప్పులో మూరెడు వెడల్పున వదిలిన కంత, వాన వచ్చినప్పుడు బండ మూతతో మూస్తారు. మిద్దె పైన ఆరబోసిన జొన్నలను, కొర్రలను ఈ కంత నుంచే నేరుగా గింజల గదిలోకి దించేవారు. మరీ ఎక్కువ పండిన ఏడు మిగులును పాతరలో, అంటే నేలలో తవ్వి, గడ్డితో లోపల పరిచి, మూతి మట్టితో మూసిన గోతిలో దాచేవారు. పాతర తెరిచినప్పుడు లోపల పేరుకున్న చెడుగాలి పోయేదాకా ఆగి దిగాలన్న జాగ్రత్త ఊరందరికీ తెలిసిందే. మంచి ఏడాది గింజను రాబోయే చెడు ఏడాదికి మోసుకుపోగల ఇల్లే ఈ నేల మీద కుటుంబంగా నిలవగలిగింది గనుక పాతరను వాస్తులో అలంకారంగా కాక బీమాగా చూడాలి.

రెండడుగుల గోడ, అడుగు మందం కప్పు పగటి వేడిని తమలో పట్టి ఉంచుకుని చాలా గంటల తరువాత గాని లోపలికి వదలవు. నలభై డిగ్రీలు దాటే వేసవి మధ్యాహ్నాల్లో పడసాల చల్లగా ఉండటానికీ, రాత్రి అదే గది ఉక్కపోసి ఇంటిల్లిపాదీ మిద్దె పైకెక్కి పడుకోవడానికీ కారణం ఒక్కటే. పాత ఇంటి చల్లదనాన్ని మాత్రమే పొగిడే వ్యాసాలు ఈ రెండో సగాన్ని సాధారణంగా దాటవేస్తాయి.

దొంగభయం మాట ఊహ కాదు. 1565లో తళ్లికోట యుద్ధం తరువాత విజయనగర రాజధాని పెనుకొండకు తరలి వచ్చింది. ఆ సామ్రాజ్యం సన్నగిల్లాక ఈ ప్రాంతం పాళెగాళ్ల, అంటే కోటలూ సాయుధ బలగాలూ ఉన్న స్థానిక అధిపతుల, చేతుల్లోకి పోయింది. అనంతపురాన్ని ఏలిన హండే వంశం వారు వారిలో ప్రముఖులు. గుత్తి మరాఠా సర్దారు మురారిరావు కేంద్రమైంది. ఆపైన హైదరలీ, టిప్పు సుల్తాను, నిజాం వరుసగా వచ్చారు. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసినప్పుడు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో లెక్కకు దత్తమండలాల్లో 80 మంది పాళెగాళ్లు తేలారు. 1807 దాకా సాగిన అతని పాలనలో వారి కోటలు, బలగాలు పోయాయి, హండే వారి వంటి కుటుంబాలు భరణం మీద బతికే స్థితికి వచ్చాయి. కోటలు పోయినా ఊరి బురుజు, దాని పక్కన కిటికీలు లేని పెద్ద మిద్దె మాత్రం ఆ తరువాత నూరేళ్లకు కూడా కొత్తగా కడుతూనే వచ్చారు. భయం తగ్గిన తరువాత కూడా భయం నేర్పిన నమూనా అంతకాలం కొనసాగింది.

కవిలె కట్టలున్న ఇళ్లు

కుటుంబాలన్నీ ఇళ్లను ఒకే కారణంతో కాపాడుకోలేదు. సామాన్య రైతు మిద్దె అన్నదమ్ములు వేరుపడినప్పుడల్లా చీలుతూ వచ్చింది. పెద్ద ఇళ్లు చీలకుండా నిలిచిన చోట చాలావరకు ఆ ఇంటికి ఒక గ్రామోద్యోగం అంటుకుని ఉండేది. శిస్తు వసూలు, శాంతిభద్రతలు చూసే మునసబు, అంటే ఊరి రెడ్డి, లెక్కలు రాసే కరణం అనే పదవులు వంశపారంపర్యంగా సాగేవి. పదవి ఒక్కరికే వస్తుంది కనుక, ఊరివాళ్లు పనిమీద వచ్చేది ఆ ఇంటి జగిలికే కనుక, ఆ ఇంటిని ముక్కలు చేయడం అందరికీ నష్టమని అన్నదమ్ములే ఒప్పుకునేవారు. కరణం ఇల్లు ఒక రకంగా ఊరి దస్తావేజుల గది. దండకవిలెలు, అంటే ఊరి పుట్టుక, సరిహద్దులు, మాన్యాలు, పాలకుల మార్పులు నమోదు చేసిన పాత లెక్కల కట్టలు, ఆ ఇళ్ల పెట్టెల్లోనే ఉండేవి. 19వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో కల్నల్ కాలిన్ మెకంజీ తరఫున కావలి సోదరులు, వారి సహాయకులు ఊరూరా తిరిగి సేకరించిన కైఫీయతులకు, అంటే గ్రామ చరిత్రలకు, ఆధారాల్లో ఈ కవిలెలు ముఖ్యమైనవి. దత్తమండలాల గ్రామ చరిత్ర ఈనాడు పరిశోధకుల చేతికి అందుతోందంటే, ఎక్కడో ఒక మిద్దె కింద ఆ తాటాకులూ కాగితాలూ తడవకుండా ఉండటమే కారణం. చౌడు పరచిన కూలీల వాటా ఆ చరిత్రలో ఎవరూ రాయలేదు.

మన్రో ప్రవేశపెట్టిన రైతువారీ పద్ధతిలో ప్రభుత్వం ప్రతి రైతుతోనూ నేరుగా శిస్తు ఒప్పందం చేసుకుంది. పొలాలు కొలిచారు, నంబర్లు వేశారు, పట్టాలు పుట్టాయి. ఇళ్లున్న తావును మాత్రం గ్రామకంఠం, అంటే ఊరి నివాస స్థలం, అని ఒకే ముద్దగా వదిలేశారు. దాంతో వంద ఎకరాల పొలానికి పక్కా కాగితాలున్న కుటుంబానికి తాము రెండువందల ఏళ్లుగా ఉంటున్న ఇంటికి పట్టా లేకపోవడమనే విచిత్రం ఏర్పడింది. అనుభవమే హక్కు, ఇరుగుపొరుగు సాక్ష్యమే దస్తావేజు. పట్టా లేని ఇంటిమీద బ్యాంకు అప్పు పుట్టదు, అమ్మకం సులభం కాదు. ఈ అసౌకర్యం కొన్ని ఇళ్లను అమ్ముడుపోకుండా కాపాడింది, మరికొన్నింటికి బాగుచేయించే డబ్బు పుట్టకుండానూ చేసింది. 2020లో కేంద్రం స్వామిత్వ పథకాన్ని మొదలుపెట్టి డ్రోన్లతో గ్రామ నివాస స్థలాలను కొలిపించడం, అదే ఏడాది డిసెంబరులో రాష్ట్రంలో భూముల రీసర్వే ఆరంభం కావడం ఈ పాత ఖాళీని పూరించే ప్రయత్నాలే.

గ్రామోద్యోగాల కథ 1984 జనవరిలో ముగిసింది. ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఒక ఆర్డినెన్సుతో మునసబు, కరణం పదవులను రద్దుచేసింది. సామాజికంగా అది రావలసిన మార్పే. ఒక కుటుంబం చేతిలో ఊరి భూమి లెక్కలన్నీ ఉండటం వల్ల ఎంత అన్యాయం జరిగిందో పల్లెల్లో అందరికీ తెలుసు. అయితే ఇళ్ల చరిత్ర చూసేవారికి ఆ తేదీ మరో విధంగా ముఖ్యం. అంతకు సుమారు పదేళ్ల ముందు, 1973 నాటి భూసంస్కరణల చట్టం కమతాలకు పరిమితి పెట్టినప్పుడు, చాలా పెద్ద కుటుంబాలు కాగితాల మీద వేరుపడ్డాయి గాని కాపురాలు ఒకే కప్పు కింద సాగాయి. పదవి కూడా పోయాక ఆ కప్పును ఉమ్మడిగా ఉంచాల్సిన వ్యావహారిక కారణం మిగలలేదు. కాగితాల మీది పంపకం గోడలదాకా వచ్చింది.

ఒక దూలం, ఇద్దరు యజమానులు

ఇంటి పంపకం పొలం పంపకం వంటిది కాదు. పారిఖత్తు, అంటే భాగాల పంపిణీ పత్రం, రాసేటప్పుడు పెద్దమనుషులు పడసాల మధ్య తాడు పట్టి గోడ లేపించగలరు, కాని తలపైన దూలం ఆ గోడను లెక్కచేయకుండా ఈ భాగం నుంచి ఆ భాగానికి పోతూనే ఉంటుంది. దూలం ఇద్దరిదీ అయ్యాక చౌడు ఖర్చు ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. ఒక అన్న తన సగానికి సిమెంటు కప్పు వేయించి, తమ్ముడు మట్టి కప్పుతోనే ఉండిపోతే, రెండు కప్పులు కలిసే చోట కదలిక వేరువేరుగా ఉండి సందు పడుతుంది. ఎండకు వ్యాకోచించే కాంక్రీటుకూ, నెర్రెలిచ్చే మట్టికీ మధ్య ఏ అతుకూ నిలవదు. నీరు దిగేది తమ్ముడి వైపే. మట్టి మిద్దె ఉమ్మడి ఆస్తి అన్నది హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తికి ప్రమాణమైన మితాక్షర ధర్మశాస్త్రం చెప్పకపోయినా నిర్మాణశాస్త్రం చెబుతుంది: దాని కప్పును ముక్కలుగా బాగుచేయడం సాధ్యం కాదు.

చట్టం ఈ ఇబ్బందిని ఎరగనిది కాదు. 1893 నాటి విభజన చట్టంలోని 4వ సెక్షను ప్రకారం, అవిభక్త కుటుంబపు నివాసగృహంలో వాటాను కొన్న బయటివ్యక్తి విభజన కోసం దావా వేస్తే, ఆ వాటాను న్యాయస్థానం కట్టిన విలువకు తామే కొనుక్కునే అవకాశం కుటుంబసభ్యులకు ఉంటుంది. 1956 హిందూ వారసత్వ చట్టంలోని 23వ సెక్షను మరో అడుగు వేసి, కుటుంబం కాపురముంటున్న ఇంటిని మగ వారసులు పంచుకోవాలనుకునేదాకా ఆడ వారసులు విభజన కోరరాదన్నది. ఇల్లు చెదరకూడదన్న ఉద్దేశం పేరుతో ఆ భారమంతా ఆడపిల్లల మీద వేసిన నిబంధన అది. ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా చట్టాన్ని సవరించి అప్పటికి పెళ్లికాని కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో జన్మహక్కు ఇచ్చింది. 2005లో కేంద్ర సవరణ ఆ హక్కును కుమార్తెలందరికీ విస్తరించి 23వ సెక్షనును తొలగించింది. 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో, 2005 నాటికి తండ్రి జీవించి ఉండకపోయినా కుమార్తె హక్కు చెల్లుతుందని తేల్చింది. ఆడపిల్లలకు వాటా వచ్చాకే పాత ఇళ్లు పోయాయన్న మాట జిల్లాలో తరచు వినిపిస్తుంది గాని, అది నిలబడదు. అన్నదమ్ముల గోడలు అంతకు ఎంతో ముందే లేచాయి. పైగా బయట స్థిరపడిన కుమార్తెలకు ఉమ్మడి కప్పును చీల్చాల్సిన అవసరం అన్నదమ్ముల కంటే తక్కువ.

విభజన కంటే ఎక్కువ ఇళ్లను మింగింది తాళం. 1876-78 మహాకరువు నాటికి అనంతపురం ఇంకా బళ్లారి జిల్లాలో భాగం, 1882లో గాని వేరు జిల్లా కాలేదు. ఆ కరువులో ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. అప్పటి వలస ప్రాణాలు దక్కించుకోవడానికి. బతికినవారు తిరిగివచ్చి మిద్దె మళ్లీ ఎత్తుకున్నారు. 20వ శతాబ్దపు చివరి దశాబ్దాల్లో, జొన్న కొర్రల స్థానంలో వేరుశనగ ఒక్కటే పంటగా మారి, బోర్లు ఎండి, అప్పులు పెరిగాక మొదలైన బెంగళూరు వలస వేరు. అది ఏడాదికి రెండుసార్లు, ఉగాదికీ సంక్రాంతికీ, ఊరికి తిరిగి వచ్చే వలస. రోహిణి కార్తెలో మాత్రం ఎవరూ రారు. బస్సులో కొన్ని గంటల దూరంలో ఉన్న కొడుకు ఇల్లు అమ్మడు, ఎందుకంటే పెద్దలకు పెట్టుకునే దేవుడి గూడు అక్కడే ఉంది, పెళ్లిళ్లకు మొదటి పూజ అక్కడే జరగాలి. కాని మిద్దె ఎక్కడు. వృద్ధులైన తల్లిదండ్రులు ఉన్నంతకాలం కూలికి మనిషిని పెట్టి చౌడు వేయిస్తారు, వారి తరువాత మిగిలేది తాళమే. పంటల మార్పు కూడా ఇంటిని తాకింది: వేరుశనగను పాతరలో దాచరు, అమ్మేస్తారు, ఎద్దులు పోయి ట్రాక్టరు వచ్చాక గాటిపాట మోటారుసైకిళ్ల చోటయింది. సగం గదులకు పని పోయిన ఇంటిని కాపాడమనడం తేలిక కాదు.

గుర్తింపు ఉన్నవీ లేనివీ

పేరున్న మనుషుల ఇళ్ల సంగతి వేరుగా ఉంటుందని అనిపించవచ్చు. భారత రాష్ట్రపతిగా 1977 నుంచి 1982 వరకు పనిచేసిన నీలం సంజీవరెడ్డి 1913లో ఇల్లూరులో పుట్టారు, పదవి ముగిశాక బెంగళూరులో స్థిరపడమన్న ఆహ్వానాన్ని కాదని అనంతపురం వైపే తిరిగి వచ్చారు. ఆయన భార్య నాగరత్నమ్మ సోదరుడు తరిమెల నాగిరెడ్డి పక్క ఊళ్ల భూస్వామ్య కుటుంబం నుంచే వచ్చి కమ్యూనిస్టు అయ్యారు, 1952 ఎన్నికల్లో జైలు నుంచే పోటీచేసి అనంతపురం శాసనసభ స్థానంలో బావను ఓడించారు. ఇరవయ్యో శతాబ్దపు తెలుగు రాజకీయంలో రెండు ఎదురుదారులకు మొదలైన ఈ రెండు గ్రామీణ కుటుంబాల నివాసాలు రాష్ట్ర చరిత్రలో భాగమే. పుట్టపర్తిలో సత్యసాయిబాబా 1926లో జన్మించిన ఇంటి చోట ఇప్పుడు శివాలయం ఉంది, కడపలో సి.పి.బ్రౌన్ బంగళా ఉన్న స్థలంలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి పూనికతో గ్రంథాలయం లేచింది. రెండూ గౌరవాలే, అయితే రెండుచోట్లా గౌరవం దక్కింది స్థలానికి, ఇల్లు పోయింది. తెలుగునాట జ్ఞాపకం తరచు ఈ పద్ధతినే ఎంచుకుంటుంది: పాతదాన్ని ఉంచడం కంటే దాని చోట కొత్తదాన్ని కట్టడమే ఎక్కువ భక్తిగా కనిపిస్తుంది.

ప్రభుత్వ రక్షణ ఆలయాలకు, కోటలకు పరిమితం. 1958 కేంద్ర చట్టం ప్రకారం కనీసం నూరేళ్లుగా ఉన్న, చారిత్రక లేదా కళాత్మక ప్రాధాన్యం గల ఏ కట్టడమైనా ప్రాచీన కట్టడం కాగలదు. అక్షరాల చూస్తే ఎన్నో మిద్దెలు ఆ నిర్వచనంలోకి వస్తాయి, ఆచరణలో రక్షణ గుత్తి కోటకూ లేపాక్షి గుడికీ దక్కింది. లేపాక్షి వీరభద్రాలయం, ఏకశిలా నంది 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కాయి. రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణాలను నిషేధించే 2010 సవరణ వల్ల అటువంటి గుళ్ల పక్కనున్న పాత ఇళ్లు తమ గొప్పతనం వల్ల కాక పొరుగువారి గొప్పతనం వల్ల నిలిచే అవకాశం ఉంది. మరోవైపు గృహనిర్మాణ పథకాలు మట్టి కప్పును కచ్చా ఇంటి లక్షణంగా లెక్కగట్టి, దాని స్థానంలో కొత్త ఇల్లు కట్టుకోవడానికే డబ్బు ఇస్తాయి, దూలం మార్చుకోవడానికి ఇవ్వవు.

ఇంగ్లండులో విలియం మోరిస్ 1877లో పాత కట్టడాల రక్షణ సంఘాన్ని స్థాపించినప్పుడు, ఒకేసారి భారీగా పునరుద్ధరించడం కంటే రోజువారీ చిన్న సంరక్షణే కట్టడాన్ని బతికిస్తుందని వాదించాడు. రోహిణి కార్తెలో చౌడు వేసే రైతుకు ఇది కొత్త సంగతి కాదు. ఈ పోలిక మాలిలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడి జెన్నే పట్టణంలో మట్టితో కట్టిన పెద్ద మసీదుకు ఏటా ఊరంతా కలిసి కొత్త మట్టి పూస్తారు, గోడల్లోంచి బయటికి పొడుచుకువచ్చిన కొయ్యలే వారికి ఎక్కే మెట్లు. జపాన్‌లోని షిరకావా గ్రామంలో గడ్డి కప్పుల ఇళ్లను పొరుగువారు వంతుల వారీగా కలిసి కప్పుతారు. 1971లో ఆ గ్రామస్థులు ఇళ్లను అమ్మరాదు, అద్దెకివ్వరాదు, కూల్చరాదు అని తమలో తాము కట్టుబాటు చేసుకున్నారు, 1995లో ఆ గ్రామం ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. రెండుచోట్లా గమనించదగింది కప్పు పని కుటుంబం స్థాయి దాటి ఊరి స్థాయికి చేరడం. అనంతపురంలో చౌడు తోలడం బదులు పనిగా, అంటే ఒకరింటికి ఒకరు వెళ్లి చేసే సాయంగా, సాగిన పల్లెల్లోనే మిద్దెలు ఎక్కువకాలం నిలిచాయి. అయితే అద్దెకివ్వరాదన్న జపాను నిబంధన ఇక్కడికి సరిపడదు, మిద్దెకు కావలసింది ముందుగా మనిషి.

బతికి ఉన్న మిద్దెల మీద ఇప్పుడు జరుగుతున్న మరమ్మతుల్లో మంచీ చెడూ రెండూ ఉన్నాయి. చౌడు మీద రెండంగుళాల సిమెంటు పోయించడం అన్నింటికంటే ఎక్కువగా కనిపించేదీ, ఎక్కువ హాని చేసేదీ: మట్టి ఉబ్బి తగ్గుతుంటే సిమెంటు పగులుతుంది, పగుల్లోంచి దిగిన నీరు తిరిగి ఆవిరయ్యే దారిలేక దంతెల మీదే నిలుస్తుంది, కిందనుంచి చూస్తే కప్పు పొడిగా ఉన్నట్టే ఉండి ఒకనాడు విరుగుతుంది. ప్లాస్టిక్ పట్టాలు కప్పడం ఒక వానాకాలానికి పనికొస్తుంది, ఏళ్ల తరబడి ఉంచితే సిమెంటు చేసే హానే చేస్తుంది. కొన్ని ఇళ్లలో పాత మట్టినంతా దించి బరువు తగ్గించి, దూలాల మీద తాడిపత్రి బండలు, అంటే ఆ ప్రాంతపు సున్నపురాతి పలకలు, పరిచి, కీళ్లను సున్నంతో మూసి, పైన పలచని పొర వేస్తున్నారు. అక్కడక్కడ విరిగిన దూలాల చోట పాత రైలు పట్టాలు పెట్టిన ఇళ్లూ ఉన్నాయి. శుద్ధతావాదులకు ఇది నచ్చకపోవచ్చు, కాని ఇంటి కొలతలు, కంబాలు, గవాక్షి, పడసాల చల్లదనం చాలావరకు మిగులుతాయి, ఏటా ఎక్కవలసిన పని కొన్నేళ్లకు ఒకసారికి తగ్గుతుంది. ఎక్కే మనుషులే తక్కువైన కాలంలో ఇదే ఎక్కువ నిజాయితీ ఉన్న రాజీ.

మనుషుల సమస్యకు పల్లెలు ఎప్పుడో ఒక పరిష్కారం కనిపెట్టాయి. బయట స్థిరపడిన కుటుంబం తన మిద్దెను అద్దె లేకుండా ఒక పేద బంధువుకో, ఊరి కుటుంబానికో ఇచ్చి, కప్పు చూసుకోవడమే అద్దె అనేది. ఈ ఏర్పాటు తగ్గిపోవడానికి ముఖ్య కారణం భయం: పన్నెండేళ్లు ఉన్నవాడిదే ఇల్లు అన్న మాట 1963 కాలపరిమితి చట్టం గురించి ఊళ్లలో అర్ధసత్యంగా ప్రచారమైంది. పన్నెండేళ్ల నియమం యజమాని హక్కును ధిక్కరిస్తూ అనుభవించినవారికి వర్తిస్తుంది. యజమాని అనుమతితో ఉంటున్నవారి అనుభవం ఎన్నేళ్లు సాగినా దానంతట అది హక్కుగా మారదని న్యాయస్థానాలు అనేకసార్లు చెప్పాయి. 1882 ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం ఇటువంటి అనుమతిని లైసెన్సు అంటారు. వాటాదారులందరూ సంతకం చేసి, ఎవరిని, ఏ షరతుతో ఉండనిస్తున్నారో, చౌడు, దూలాల ఖర్చు ఏ వాటాన ఎవరు భరిస్తారో, దేవుడి గూడు దగ్గరికి ఏ రోజుల్లో కుటుంబం వస్తుందో రాసుకున్న చిన్న ఒప్పందం ఉంటే బెంగళూరులోని వారసులకు భయం ఉండదు, ఇంట్లో ఉన్నవారికి ఆశ్రయం ఉంటుంది. అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల్లో తాళాలు పడిన మిద్దెల్లో దూలాలు ఇంకా గట్టిగా ఉన్నవాటికి ఈ ఏర్పాటు మృగశిరకు ముందు జరిగితే ఆ ఏటి వానకే పనికివస్తుంది.